పటాలానికి పోయి తిరిగిరానివారు: ఊరూ, ఇంటిపేరూ వెతికే దారి

మా పీఠానికి వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తూ ఉంటుంది. "మా తాతగారి అన్న పటాలంలో చేరి యుద్ధంలో పోయాడట. ఆయన ఎక్కడ పోయాడు? అసలు మేము ఆంధ్రదేశంలో ఏ ఊరినుంచి వచ్చినవాళ్లం?" హోసూరునుంచి, బళ్లారినుంచి, బరంపురంనుంచి, యానాంనుంచి ఇటువంటి ఉత్తరాలు వస్తున్నాయి. చూడడానికి ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. కాని కొన్ని తరాల కిందటే స్వస్థలం విడిచిన కుటుంబాలకు పాత కాగితం అంటూ ఏదైనా ఉంటే అది ఈ పటాలం కాగితమే కావచ్చు. భూమి లేనివారికి పట్టా ఉండదు, బడికి పోనివారికి సర్టిఫికెట్టు ఉండదు. సైన్యంలో చేరిన మనిషికి మాత్రం తండ్రిపేరు, పల్లె, తాలూకా, జిల్లా రాసుకోకుండా జీతం ఇవ్వరు. అందువల్ల చనిపోయిన సిపాయి జాడ తెలిస్తే వంశం జాడ కొంత తెలిసే అవకాశం ఉంది. ఆ వెతుకులాట ఎట్లా సాగుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో ఈ వ్యాసంలో వివరించదలచాము.

మొదట ఒక కుటుంబం సంగతి చెబుతాము. వారి పేర్లు ఇక్కడ ఇవ్వడం లేదు. హోసూరు దగ్గర ఒక పల్లెలో మహాలయ అమావాస్యనాడు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఒక పంచె విడిగా పెడతారు. అది "పటాలం తాత" పంచె. ఆ తాత పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఆనంద సంవత్సరంలో బస్రాకు పోయినాడు, ఆడనే పోయినాడు ఆయప్ప" అని ఆ ఇంటి అవ్వ మాతో చెప్పింది. ఆనవాలుగా మిగిలింది ఒక వెండి పతకం. ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు గుర్రంమీద మనిషి. తరతరాలుగా దానిని దేవుడి గూట్లో పెట్టి పసుపు కుంకుమ పూశారు గాని అంచు చూసినవారు లేరు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన ఆ పతకం అంచుమీద సిపాయి నంబరు, హోదా, పేరు, దళం చిన్న అక్షరాలలో చెక్కి ఉంటాయి. వెతుకులాట మొదలుపెట్టవలసింది అక్కడే. రెండవ ప్రపంచ యుద్ధంలో భారత సైనికులకు ఇచ్చిన పతకాల అంచుల మీద కూడా పేరు ఉంటుంది. పటాలం వెంట వెళ్లిన కూలీలకు, సేవకవర్గానికి మొదటి యుద్ధంలో అదే పతకాన్ని వెండికి బదులు కంచుతో చేసి ఇచ్చారు. కంచు పతకం కనబడితే ఆ మనిషి తుపాకి పట్టినవాడు కాకపోవచ్చునని గ్రహించాలి. చనిపోయినవారి ఇళ్లకు పంపిన కంచు పలక ఇంకొకటి ఉన్నది. అది సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా ఉంటుంది. దానిమీద పేరు తప్ప హోదా గాని, దళం గాని ఉండవు. పేరుతో పాటు నంబరు ఇచ్చే పతకం అంచే మనకు ఎక్కువ ఉపయోగం. పసుపు తోమడానికి చింతపండు వాడవద్దని, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలునని ఈ సందర్భంలో మనవి. తోమి తోమి అక్షరాలు అరిగిపోయిన పతకాలు మేము చూశాము.

హోసూరు పతకం మీద 61వ పయనీర్ల దళం పేరు కనిపించింది. ఆ దళం మద్రాసు సైన్యంలోనిది. 1914 నవంబరు మొదటి వారంలో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవులో దిగి జర్మన్ల చేతిలో దెబ్బతిన్న భారత సేనలో ఈ పయనీర్లూ, 63వ పాలంకోట దళమూ ఉన్నాయి. అసలు పోరు నవంబరు 4న జరిగింది. మన సిపాయి చనిపోయిన తేదీ కూడా అదే. ఆనంద నామ సంవత్సరం అంటే 1914-15. అవ్వ చెప్పిన సంవత్సరం సరిపోయింది, స్థలమే సరిపోలేదు. ఆ ఇంట్లో దూరదేశపు యుద్ధమంతా "బస్రా" అనే ఒక్క మాటలోకి చేరిపోయింది. మౌఖిక సంప్రదాయంలో సంవత్సరం పేరు నిలిచినంత గట్టిగా ఊరిపేరు నిలవదని మాకు అనిపిస్తున్నది. ఇంట్లో పెద్దవారిని అడిగేటప్పుడు "ఎన్నో సంవత్సరం" అని కాక "ఏ నామ సంవత్సరం" అని అడిగి చూడండి.

నంబరూ దళమూ తెలిసిన తరువాత చూడవలసింది కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వారి జాబితా. 1917లో రాజశాసనంతో ఏర్పడిన ఈ సంస్థకు 1960 వరకు "ఇంపీరియల్" అనే పేరు ఉండేది. రెండు ప్రపంచ యుద్ధాలలో చనిపోయిన బ్రిటిష్ ఇండియా సైనికుల పేర్లు వీరి జాబితాలో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. పేరుతో పాటు చాలామందికి "ఫలానావారి కుమారుడు, ఫలానా పల్లె, ఫలానా తాలూకా, ఫలానా జిల్లా" అనే ఒక వరుస ఉంటుంది. ఆ ఒక్క వరుస కోసమే మన శ్రమంతా. రెండవ యుద్ధపు జాబితాలో కొన్నిచోట్ల తల్లిపేరు, భార్యపేరు కూడా ఇచ్చారు.

పేరు లేదంటే మనిషి లేడని అనుకోవద్దు. బస్రా స్మారకంలో 40 వేలకు పైగా సైనికులను స్మరించారు, వారిలో అధిక సంఖ్యాకులు భారతీయులు. అయినా 1929లో ఆవిష్కరించిన ఆ రాళ్లమీద భారతీయ అధికారుల పేర్లే చెక్కి, మామూలు సిపాయిలను "మరి ఇంతమంది" అని అంకెతో సరిపెట్టారు. ఈ వివక్షను ఆ సంఘమే 2021 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదికలో ఒప్పుకున్నది. పేరైనా లేకుండా పోయినవారు, లేదా ఏ స్మారకానికీ ఎక్కనివారు కనీసం 1,16,000 మంది, 3,50,000 వరకు కూడా ఉండవచ్చునని ఆ నివేదిక అంచనా. వీరిలో ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్యాలకు చెందినవారు. మద్రాసు రాజధానినుంచి మొదటి యుద్ధానికి సుమారు 92 వేలమంది చేరారని, వారిలో 41 వేలమంది ఆయుధం పట్టని సేవకవర్గమని 1923 నాటి ప్రభుత్వ ప్రచురణ లెక్క చెప్పింది. కావడి మోసినవారు, గాడిదలు తోలినవారు, వంటవారు ఈ లెక్కలోనివారే. వీరి జాడ తీయడం సిపాయిల జాడ తీయడంకంటే కష్టం.

ఇక చిక్కులలోకి వద్దాము. మొదటిది జిల్లా. హోసూరు సిపాయి వరుసలో "సేలం, మద్రాసు" అని ఉన్నది. ఆ ఇంటి యువకుడు సేలం వెళ్లి రెండు రోజులు తిరిగి వచ్చాడు పాపం. హోసూరు అప్పుడు సేలం జిల్లాలో తాలూకా. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడితే అందులోకి, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. ఊరు కదలలేదు, పేరు మాత్రం మూడు జిల్లాలు తిరిగింది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు పటాలంలో చేరిన చిత్తూరు ప్రాంతపువారు "ఉత్తర ఆర్కాటు" వారుగానే నమోదై ఉంటారు. "బళ్లారి, మద్రాసు" అని ఉన్నంతమాత్రాన కర్ణాటకలో వెతకవద్దు. 1953లో బళ్లారి మైసూరుకు పోయినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. ఏలూరు వైపువారు మొదటి యుద్ధపు కాగితాలలో కృష్ణా జిల్లావారు. పశ్చిమ గోదావరి జిల్లా పుట్టింది 1925లో.

అన్నిటికంటె తికమక గంజాం. మొదటి యుద్ధంనాటికి బరంపురం, ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లాలోవే, జిల్లా మద్రాసు రాజధానిలోది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్లింది, దక్షిణపు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి సంస్థానమే రెండుగా చీలింది. తరువాత 1950లో శ్రీకాకుళం జిల్లా వేరుపడింది. అంటే టెక్కలి దగ్గరి ఒకే ఇంట్లో తండ్రి 1917లో చనిపోతే "గంజాం" అనీ, కొడుకు 1944లో చనిపోతే "వైజాగపటం" అనీ రాసి ఉండవచ్చు. ఇద్దరూ వేరువేరు ప్రాంతాలవారని పరిశోధకుడు పొరబడే ప్రమాదం ఉంది. బరంపురం తెలుగువారు తమ పెద్దలను ఒరిస్సా జాబితాలలో వెతికి నిరాశపడడానికి కారణం ఇదే.

రెండవ చిక్కు పేరు. తెలుగువాడికి ఇంటిపేరు ముందు, తనపేరు తరువాత. పటాలం రోలులో ఇంటిపేరుకు గడి లేదు. తనపేరు, తండ్రిపేరు, అంతే. అసలే తమిళదేశంలో స్థిరపడ్డ మన కుటుంబాలు తండ్రిపేరు మొదటి అక్షరాన్ని ఇనీషియల్‌గా పెట్టుకునే అలవాటు చేసుకున్నాయి. ఇంటిపేరు పెళ్లి మాటల్లో తప్ప బయటికి రాదు. రోలులో లేక, బడి రిజిస్టరులో లేక, అది ఆడవారి నోట మాత్రమే బతికి ఉన్నది. సంబంధం కలుపుకోవాలంటే ఇంటిపేర్లు వేరై ఉండాలి కనుక పుట్టింటి పేరూ మెట్టినింటి పేరూ రెండూ వారికి గుర్తుండక తప్పదు. అందుచేత ఇంటిపేరు కోసం మగవారిని కాక ముందుగా అవ్వలను అడగాలి. మా అనుభవంలో ఇది ఒక్కసారి కూడా వృథా పోలేదు.

ఇంగ్లీషు అక్షరాలలోని పేరును తెలుగులోకి తిరిగి తెచ్చుకోవడం ఒక విద్య. హోసూరు సిపాయి తండ్రిపేరు జాబితాలో "బెంజాలయ్య" అన్నట్లు ఉన్నది. క్రైస్తవుడేమో, బెంజమిన్ అయి ఉంటుందని ఇంట్లోవారు తెల్లబోయారు. మేము కూడా కొంతసేపు ఆ దారినే పోయాము. తరువాత తట్టింది: తమిళ లిపిలో ప-బలకు ఒకే అక్షరం, చ-జలకు ఒకే అక్షరం. తమిళ గుమాస్తా ఒకరు తమిళంలో రాసుకున్నదాన్ని మరొకరు ఇంగ్లీషులోకి ఎత్తి ఉంటే, "పెంచలయ్య" కాస్తా "బెంజాలయ్య" అవుతాడు. క-గ, త-దలకూ ఇదే గతి. "గంగయ్య" కంకయ్యగా, "దానయ్య" తానయ్యగా కనిపించడం సాధారణం. ఇంగ్లీషులో దొరకని పేరును ముందు తమిళంలోనో కన్నడంలోనో రాసి చూసుకుని, అక్కడినుంచి తెలుగులోకి తెచ్చుకోవడం మంచి పద్ధతి.

పెంచలయ్య అనే పేరు వినగానే నెల్లూరు సీమవారికి పెంచలకోన నరసింహస్వామి గుర్తుకు వస్తాడు. సేలం జిల్లా పల్లెలో ఆ పేరు ఎందుకుంది? మన పేర్లలో ఇలవేల్పులు దాగి ఉంటారు. ఇది మనకు దొరికే పెద్ద ఆధారం. అప్పలస్వామి, సింహాచలం, పైడితల్లి, నూకయ్య అనే పేర్లు ఉత్తరాంధ్రవి. కోటయ్య అంటే కోటప్పకొండ, గుంటూరు వైపు. మాల్యాద్రి మాలకొండ దేవుడి పేరు. ఓబులేసు అంటే అహోబిలం, కర్నూలు, కడప. పంపాపతి, హంపన్న బళ్లారి చుట్టుపక్కల. మునెయ్య, మునిరత్నం చిత్తూరు, ఉత్తర ఆర్కాటులలో విస్తారం. గోవిందరాజులు, ఆదికేశవులు వలె "లు"తో ముగిసే పేరు తమిళ పల్లెలో కనబడితే తెలుగిల్లని చాలావరకు అనుకోవచ్చు. "అప్ప"తో ముగిసే పేరు మాత్రం నమ్మదగిన గుర్తు కాదు. కన్నడిగులకూ, రాయలసీమవారికీ అది సమానం. రాయప్ప, చిన్నప్ప అయితే కతోలిక కుటుంబాలలో పేతురు, పౌలుల పేర్లు. వారికి చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు చూడడం దగ్గరి దారి, తెలుగు క్రైస్తవులు ఇంటిపేరు విడిచిపెట్టలేదు కనుక.

ఈ ఆధారానికి ఒక హద్దు ఉన్నది. పేరు తల్లివైపు నుంచి కూడా రావచ్చు. మేనమామ పేరు పెట్టుకున్న పిల్లవాడు మేనమామ ఊరి దేవుణ్ణి మోస్తాడు. కాబట్టి పేరొక్కటి పట్టుకుని "మీది ఫలానా జిల్లా" అని తీర్పు చెప్పడం తగదు. హోసూరు కుటుంబం విషయంలో మాకు మరో రెండు ఆధారాలు కుదిరాయి. అవ్వ చెప్పిన ఇంటిపేరు ఒక ఊరిపేరు. ఆ పేరుగల ఊళ్లు మూడు జిల్లాలలో ఉన్నాయి, వాటిలో ఒకటి పెంచలకోనకు దగ్గర రాపూరు వైపున ఉన్నది. ఇక ఆ ఇంట్లో ఏటా "కోనకు" అని ముడుపు కడతారు. ఏ కోనో తెలియక దానిని తిరుపతి హుండీలో వేస్తూ వచ్చారు. ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడే మేము నెల్లూరు సీమ అని చెప్పడానికి సాహసించాము. ఇప్పటికీ అది బలమైన ఊహే, రుజువు కాదు.

రోలులోని కులం గడి గురించి ఒక మాట. పాత మద్రాసు సైన్యంలో తెలుగువారిని "జెంటూ" అని రాసేవారు. కాలక్రమంలో అది "తెలుగు" అయింది. కాని తెలుగు మాట్లాడే మాల మాదిగ కుటుంబాలవారిని తమిళ జిల్లాలలో తరచు తమిళ కులనామం కిందనే చేర్చివేశారు. ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే మాటలు తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చాయి. మద్రాసు సైన్యంలో ఈ వర్గాలవారి పాత్ర చాలా పెద్దది. అందుకని "తమిళ" అని ఉన్నా తెలుగు ఇల్లు కాదని తోసివేయరాదు. బెంగుళూరు సాపర్ల దళంలో తెలుగువాడైనా కన్నడిగుడైనా మలయాళీ అయినా చేరిన మరునాటినుంచి అందరూ "తంబి"లే!

యానాం సంగతి పూర్తిగా వేరు. అక్కడినుంచి ఫ్రెంచి సైన్యంలో చేరినవారు బ్రిటిష్ జాబితాలలో కనిపించరు. మొదటి యుద్ధంలో ఫ్రాన్సుకోసం మరణించినవారి కార్డులను ఫ్రెంచి రక్షణశాఖ ఇంటర్నెట్‌లో ఉంచింది. వాటిలో పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, చనిపోయిన చోటు, కారణం ఉంటాయి. ఊరిని "యనావోఁ" అనే ఫ్రెంచి పేరుతో వెతకాలి. ఫ్రెంచివారు జనన మరణాలను పౌర రిజిస్టర్లలో రాసేవారు గనుక, బ్రిటిష్ ఇండియా సిపాయికి ఉజ్జాయింపు వయసు మాత్రమే దొరికే చోట యానాంవాడికి తేదీతో సహా దొరుకుతుంది. ఆ రిజిస్టర్లను ఏక్స్ నగరంలోని వలసరాజ్యాల పత్రాగారం అందుబాటులో ఉంచింది. చిక్కల్లా ఇంటిపేరుతోనే, ఇక్కడ కూడా. 1881 శాసనం ప్రకారం స్వధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి వెళ్లినవారు కొత్త వంశనామం తీసుకున్నారు. అటువంటి కుటుంబానికి పాత ఇంటిపేరు కావాలంటే కార్డునుంచి వెనక్కి, వదులుకున్న నాటి పత్రం దాకా పోవాలి.

మహారాష్ట్రలోని తెలుగువారిలో ఇటువంటి విచారణ మాకు తక్కువగా వచ్చింది. షోలాపూరు పద్మశాలీలకూ బొంబాయి కామాటీలకూ పటాలంకంటె మగ్గమూ కట్టడపు పనీ జీవనాధారాలు కావడం ఇందుకు కారణం కావచ్చు.

రెండవ ప్రపంచ యుద్ధపువారి కోసం వెతికేవారు రెండు విషయాలు గమనించాలి. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులకు సమాధి ఉండదు, దహన స్మారకం మీద పేరు ఉంటుంది. కోహిమాలో అటువంటివారు 917 మంది. సమాధి ఫోటో కావాలని కుటుంబాలు అడుగుతాయి, లేదని చెప్పడం బాధగా ఉంటుంది గాని అది నిర్లక్ష్యం కాదు, వారి మతాచారం పాటించడమే. రెండవది సింగపూరు. 1942 ఫిబ్రవరి 15 అనే తేదీ కనిపిస్తే అది లొంగిపోయిన రోజు. తప్పిపోయినవానికి ఆ రోజు తేదీ వేసి ఉండవచ్చు. ఖైదీగా బతికి తరువాత మరణించినవాడు కూడా కావచ్చు. ఆ తేదీతో తిథి కట్టి ఆబ్దికం పెట్టే ముందు ఈ మాట ఆలోచించుకోవాలి.

పంజాబు సైనికులలో మూడు లక్షల ఇరవై వేలమంది వివరాలున్న రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో ఉండగా వాటిని కంప్యూటరుకెక్కించే పని 2021లో వెలుగులోకి వచ్చింది. మద్రాసు దళాలకు అటువంటి ఒక్కచోటి భాండాగారం మన అందుబాటులో లేదు. మద్రాసు సాపర్లకు బెంగుళూరులో మ్యూజియం, పత్రాగారం ఉన్నాయి. మద్రాసు రెజిమెంటు కేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉంది. పయనీర్లు, పాత పదాతి దళాలు 1922-33 నడుమ రద్దు కావడంతో వాటి కాగితాలు చెల్లాచెదరయ్యాయి. నంబరు లేకుండా, "మా తాత వివరాలు పంపండి" అని రాసే ఉత్తరానికి ఎక్కడినుంచీ జవాబు రాదు. నంబరు, దళం, తండ్రిపేరు, నాటి జిల్లా నాలుగూ రాస్తే వచ్చే అవకాశం ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పింఛను వివరాలు కూడా అడగవచ్చు. జాబితాలో తప్పుంటే సరిదిద్దమని సమాధుల సంఘాన్ని కోరవచ్చు, కాని నోటిమాట చాలదు, కాగితం చూపించాలి. "బెంజాలయ్య"ను "పెంచలయ్య"గా మార్చే ప్రయత్నంలో మేము ఇప్పుడు ఆ కాగితం కోసమే చూస్తున్నాము.

పంచాంగం ప్రకారం 1914 నవంబరు 4 కార్తిక పౌర్ణమి వెళ్లిన వెంటనే వచ్చే బహుళ పక్షంలోనిది. తిథి తెలిసింది కదా, ఇకముందు ఆ రోజున పెడతారా అని అవ్వను అడిగాము. "వద్దు నాయనా, అందరితోపాటే పెద్దల అమావాస్యకే పెడతాము, ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తాము" అన్నది. కాస్త ఆగి, "ఆయప్ప పెండ్లాం ఏమైందో మీ పుస్తకంలో ఉందా?" అని అడిగింది. ఆ వరుసలో తండ్రిపేరు తప్ప భార్యపేరు లేదు. పింఛను ఎవరు తీసుకున్నారో సేలం ఖజానా పాత లెక్కలలో ఉండవచ్చునని అక్కడికి రాశాము. జవాబు రావలసి ఉన్నది.